ఒకే గుమ్మం, ఎన్నో వాటాలు



మన సరిహద్దు ఊళ్ళలో పాత పేటల వైపు వెళితే వాటాల ఇళ్ళు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. పక్కనున్న కన్నడం వాళ్ళు అలాంటి ఇంటిని వఠార అంటారు. వీధిలోకి ఒకటే గుమ్మం. గుమ్మం దాటితే నడవ, నడవకి అటూ ఇటూ ఆరో ఎనిమిదో వాటాలు. ఒక వాటాలో బడిపంతులు, ఒక వాటాలో బట్టలకొట్టు గుమాస్తా, ఇంకో వాటాలో రైల్వే ఉద్యోగి. బావి అందరిదీ. చుట్టం వచ్చినా, ఉత్తరం వచ్చినా, పాలవాడు వచ్చినా ఆ ఒక్క గుమ్మంలోంచే రావాలి. ఇలాంటి ఇంట్లో కాపురం చేసినవాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. రాత్రి వీధి తలుపు ఎవరు వెయ్యాలి, పొద్దున్నే ఎవరు తియ్యాలి అన్నది తేలకపోతే ఇంట్లో రోజూ తగవే.

కంప్యూటర్లలో కూడా అచ్చం ఇలాంటి ఇల్లు ఒకటి ఉంది. అందులో కూడా ఇదే తగవు వస్తుంది. ఈ పూట ఆ సంగతి చెప్పుకుందాం.

నాకు ఈ విషయం మీద శ్రద్ధ కలగడానికి కారణం పుస్తకం కాదు, ఒక తల్లి అడిగిన ప్రశ్న. నేను పనిచేసిన ఒక విద్యాసంస్థలో ప్రయోగశాల మూల ఒక కంప్యూటరు ఉండేది. మా పాత విద్యార్థి ఒకడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ, సెలవులకి వచ్చినప్పుడల్లా అందులో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి పెట్టేవాడు. మొదట గ్రంథాలయంలో పుస్తకాల జాబితా. తరవాత హాజరు పట్టిక. చివరికి స్కాలర్‌షిప్పు దరఖాస్తులు. చుట్టుపక్కల మూడు ఊళ్ళలో మా శాఖలుండేవి. అక్కడి గుమాస్తాలు పిల్లల వివరాలు తమ కంప్యూటర్ల నుంచి ఈ మూల కంప్యూటరుకి పంపేవారు. ఇక్కడ అన్నీ కలిపి పైకి పంపేవారు.

దరఖాస్తులకి ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడు దాటాక శాఖల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కాగితాలు వెళ్ళడంలేదు, కనెక్షన్ నిరాకరించబడింది అని తెర మీద వస్తోంది అన్నారు. అందరం ఇంటర్నెట్టుని తిట్టుకున్నాం. సాయంత్రం దాకా ప్రయత్నించి ఊరుకున్నాం. నలభై ఒక్కమంది పిల్లల్లో ఏడుగురి వివరాలు అందలేదు. మర్నాడు ఆ ఏడుగురిలో ఒక పిల్ల తల్లి, రాళ్ళ క్వారీలో కూలికి పోయే మనిషి, బడి గేటు దగ్గర నిలబడి అడిగింది. "మా పాప కాగితం యాడ నిలిచిపోయింది సారూ?"

నా దగ్గర జవాబు లేదు. తరవాత తెలిసిందేమిటంటే, ఆ మధ్యాహ్నం గ్రంథాలయంలో బీరువాలు సర్దుతూ, జాబితాని కాసేపు ఆపుదామని తెర మీద ఆపు అన్న మీట నొక్కారు. ఆగింది జాబితా ఒక్కటే కాదు, హాజరూ ఆగింది, స్కాలర్‌షిప్పూ ఆగింది. ఒక వాటా ఖాళీ చేస్తే ఇల్లంతా తాళం పడింది.

ఎందుకిలా జరిగిందో తెలియాలంటే మొదట పోర్టు అంటే ఏమిటో చూడాలి.

నెట్‌వర్కులో ప్రతి కంప్యూటరుకీ ఒక చిరునామా ఉంటుంది. కానీ ఒకే కంప్యూటరులో ఎన్నో ప్రోగ్రాములు పనిచేస్తుంటాయి. వచ్చిన సందేశం ఏ ప్రోగ్రాముకి చేరాలి? దానికోసం పెట్టిన నెంబరే పోర్టు. 0 నుంచి 65,535 వరకు మొత్తం 65,536 నెంబర్లు. పదహారు బిట్లలో ఇమిడేవి అన్నే. కొన్ని నెంబర్లు ఫలానా పనికి అని కట్టుబాటుగా ఉన్నాయి. వెబ్ పేజీలకి 80, రహస్య సంకేతంలో నడిచే వెబ్‌కి 443. ఈ నెంబర్ల పట్టికని అమెరికాలో జాన్ పోస్టెల్ అనే ఆయన ఎన్నో ఏళ్ళు స్వయంగా చూసుకున్నారు. ఆయన 1998లో పోయారు. యూనిక్స్ జాతి యంత్రాల్లో 1024 కంటే చిన్న నెంబర్లు వాడుకోవాలంటే యజమాని అనుమతి కావాలి. అందుకే సొంతంగా ప్రోగ్రాములు రాసేవాళ్ళు 8080 లాంటి పెద్ద నెంబరు పెట్టుకోవడం అలవాటైంది. మా వాడు పెట్టింది కూడా అదే.

ప్రోగ్రాము ఒక పోర్టు తీసుకుని, రాబోయే వాళ్ళ కోసం కాచుకుని కూర్చుంటుంది. కంప్యూటరు వాళ్ళు దీన్ని వినడం అంటారు. ఆ లెక్కన సర్వరు కూడా మీలాంటి శ్రోతే. కాకపోతే మీకు నచ్చకపోతే రేడియో కట్టేస్తారు, దానికి ఆ వెసులుబాటు లేదు.

ఇప్పుడు ముఖ్యమైన నియమం. మామూలుగా ఒక చిరునామా, ఒక పోర్టు కలిసిన చోట వినేది ఒక్క ప్రోగ్రామే. రెండోది వచ్చి అదే చోటు అడిగితే ఆపరేటింగ్ సిస్టం ఒప్పుకోదు. ఈ చిరునామా ఇప్పటికే వాడుకలో ఉంది అని మొహం మీద చెప్పేస్తుంది. ఈ వాక్యం చూడని ప్రోగ్రామరు ఉండడు.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. ఒక పోర్టులో ఒక్కరే వింటే, ఒకేసారి వందమందితో ఎలా మాట్లాడుతుంది? వినడం వేరు, మాట్లాడడం వేరు. ప్రతి సంభాషణకీ నాలుగు గుర్తులుంటాయి. వచ్చినవాడి చిరునామా, వచ్చినవాడి పోర్టు, ఇక్కడి చిరునామా, ఇక్కడి పోర్టు. చివరి రెండూ అందరికీ ఒకటే. మొదటి రెండూ కలిసి ఏ ఇద్దరికీ ఒకటి కావు. కాబట్టి గుమ్మం ఒకటే అయినా ఏ మాట ఎవరిదో కలిసిపోదు. వాటాల ఇంట్లో గుమ్మం ఒకటే అయినంతమాత్రాన ఒకరి చుట్టం ఇంకొకరి వాటాలో భోజనం చెయ్యడు కదా.

చెయ్యడు అన్నాను కానీ, చెయ్యకుండా ఉండాలంటే వాటా గుర్తు తెలియాలి. ఆ గుర్తు అడ్రసులోనే ఉంటుంది. అడ్రసులో పోర్టు నెంబరు తరవాత ఒక ఏటవాలు గీత, దాని పక్కన లైబ్రరీ అనో, హాజరు అనో, స్కాలర్‌షిప్పు అనో పేరు. దాన్ని దారి అందాం. ఆ దారి చివర దొరికే సేవనే ఎండ్‌పాయింటు అంటారు. వెబ్ సర్వీసు అంటే మనుషులు చదివే పేజీ కాదు, ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముని పని అడిగే చోటు. శాఖల గుమాస్తాల కంప్యూటర్లు మా మూల కంప్యూటరుని అడిగింది ఇలాగే. గుమ్మం దగ్గరి సర్వరు దారి పేరు చూసి, ఇది స్కాలర్‌షిప్పు వాటాకి, ఇది హాజరు వాటాకి అని లోపలికి పంపుతుంది. రెండు పేర్లు ఒకే అక్షరాలతో మొదలైతే, సాధారణంగా ఎక్కువ పొడవు కలిసిన పేరుకే పంపుతారు. ఇద్దరూ ఒకే పేరు అడిగితే రెండోవారికి వాటా ఇవ్వరు.

అసలు ఒకే పోర్టు ఎందుకు, ఒక్కొక్క సేవకి ఒక్కొక్క పోర్టు ఇచ్చేస్తే పోలేదా అని మీరడగవచ్చు. నెంబర్లకి కరువు లేదు. కరువు తలుపులకే. చాలా కార్యాలయాల్లో భద్రత కోసం ఒకటి రెండు పోర్టులు తప్ప మిగతావన్నీ మూసేస్తారు. కొత్త పోర్టు తెరిపించాలంటే అర్జీలు, సంతకాలు. ఒక్కొక్క సర్వరుకీ విడిగా మెమరీ, విడిగా పనివాళ్ళు, విడిగా భద్రతా ఏర్పాట్లు. పైగా బ్రౌజరు దృష్టిలో పోర్టు మారితే స్థలమే మారినట్టు. ఒక పోర్టు నుంచి వచ్చిన పేజీ ఇంకో పోర్టులో సేవని అడిగితే, ఆ రెండోవైపు నుంచి ప్రత్యేకంగా సమ్మతి లేనిదే జవాబు చదవనివ్వదు. అందుకని కలిసి ఉండడమే చవక.

సరే, ఇమిడ్చిన సర్వరు మాటకి వద్దాం. పూర్వం పద్ధతి వేరు. సర్వరు అనేది ఒక పెద్ద విడి ప్రోగ్రాము. మీ సేవని తీసుకువెళ్ళి అందులో పెట్టాలి. ఇంటివాడి ఇంట్లో వాటా అద్దెకి తీసుకున్నట్టు. గుమ్మం సంగతి ఇంటివాడు చూసుకుంటాడు. తరవాత ఈ వరస తిరగబడింది. సర్వరునే చిన్నది చేసి మీ ప్రోగ్రాము లోపల ఇమిడ్చేశారు. జెట్టీ అనే సర్వరు 1995లో మొదలైంది, ఇలా ఇమిడిపోవడంలో దానికి మంచి పేరు. 2006 డిసెంబరులో వచ్చిన జావా 6లో చిన్న హెచ్.టి.టి.పి. సర్వరు ఒకటి జావాతోపాటే ఇచ్చేశారు. 2014లో స్ప్రింగ్ బూట్ వచ్చాక ఈ పద్ధతి ఇంటింటికీ పాకింది. అంటే ఇప్పుడు ప్రతి సంసారమూ తన గుమ్మాన్ని తానే భుజాన వేసుకుని వస్తోందన్నమాట.

మరి ఒకే ప్రోగ్రాములో మూడు సేవలుండి, మూడూ 8080 కావాలంటే? మూడు గుమ్మాలు ఒకే చోట నిలబెట్టలేం. మొదటిది నిలబడుతుంది. రెండోదానికి, మూడోదానికి చిరునామా వాడుకలో ఉంది అన్న జవాబు వస్తుంది. దీనికి విరుగుడు, ఒక పద్దుపుస్తకం.

జావా 6లోనే ఇది చక్కగా కనిపిస్తుంది. అందులో ఒక వెబ్ సర్వీసుని ఒక్క వాక్యంతో ఫలానా అడ్రసులో ప్రకటించవచ్చు. మీరు వాక్యం రాస్తారు, లోపల ఒక గుమాస్తా లాంటి భాగం పద్దుపుస్తకం తీస్తుంది. ఈ చిరునామాలో, ఈ పోర్టులో ఇదివరకే సర్వరు ఉందా అని చూస్తుంది. లేకపోతే కొత్త సర్వరు కట్టి, పుస్తకంలో రాసి, పక్కన ఒకటి అని అంకె వేస్తుంది. ఉంటే కొత్తది కట్టదు. ఉన్న సర్వరుకే ఇంకొక దారి తగిలించి, అంకెని రెండు చేస్తుంది. ఒక సేవని ఆపినప్పుడు ఆ దారి తీసేసి అంకె ఒకటి తగ్గిస్తుంది. ఆఖరి సేవ కూడా పోయినప్పుడే సర్వరుని ఆపి, పోర్టుని ఆపరేటింగ్ సిస్టానికి తిరిగి అప్పజెబుతుంది. అపాచీ సి.ఎక్స్.ఎఫ్., అపాచీ కేమెల్ వంటి సాధనాలు జెట్టీని ఇమిడ్చుకున్నప్పుడు చేసేది కూడా స్థూలంగా ఇదే. మొదట వచ్చినవాడు తలుపు తీస్తాడు, ఆఖరున వెళ్ళేవాడు తలుపు వేస్తాడు. నడుమ వచ్చిపోయేవాళ్ళు తలుపు ముట్టుకోరు.

చెప్పడానికి ఇంతే. మా వాడు చెయ్యనిదీ ఇదే. నేను ఫోను చేసి అడిగాను.

"ఏరా, లైబ్రరీ ఆపితే స్కాలర్‌షిప్పు ఎందుకు ఆగిందిరా?"

"సార్, మూడూ ఒకే సర్వరు మీద ఉన్నాయి. లైబ్రరీ ఆపే చోట నేను సర్వరునే ఆపమని రాశాను సార్."

"అట్లా ఎందుకు రాశావు?"

"అప్పుడు అదొక్కటే ఉండింది సార్."

ఈ జవాబులో మోసం లేదు, నిర్లక్ష్యం కూడా లేదు. ఇంట్లో ఒక్కడే ఉన్నప్పుడు బయటికి పోతూ తాళం వెయ్యడం సరైన పనే. తరవాత ఇద్దరు అద్దెకి దిగారు. తాళం వేసే అలవాటు మాత్రం మారలేదు. ఇలాంటి తప్పులు ప్రోగ్రాము రాసిన రోజున తప్పులు కావు. పక్కన ఇంకొకరు చేరిన రోజున అవుతాయి. అందుకే పరీక్షించి చూసినప్పుడు బయటపడవు.

వాడు ఆ రాత్రే కూర్చుని అంకె పద్ధతి పెట్టాడు. నాకు వివరంగా చెప్పాడు కూడా. అయితే కథ అక్కడితో తెమల్లేదు. ఆ తరవాత నెల రోజుల్లో ఇంకో రెండు చిక్కులొచ్చాయి. అవి రెండూ మొదటిదానికంటే నాకు ఎక్కువ నేర్పాయి.

మొదటిది అంకె తప్పడం. ఒకరోజు హాజరు సేవ మొదలవుతూ మధ్యలో పడిపోయింది. పిల్లల పేర్ల ఫైలు దానికి దొరకలేదట. కానీ పడిపోయే ముందే పుస్తకంలో అంకె పెరిగిపోయింది. అసలున్నది రెండు సేవలు, పుస్తకంలో మూడు. సాయంత్రం సేవలన్నీ ఆపారు. అంకె ఒకటి దగ్గర ఆగిపోయింది. లోపల ఎవరూ లేరు, గుమ్మం మాత్రం తెరుచుకునే ఉంది. మర్నాడు గుమాస్తా ప్రోగ్రాముని మళ్ళీ మొదలుపెట్టబోతే, చిరునామా వాడుకలో ఉంది అన్న పాత పాటే. ఎవరు వాడుకుంటున్నారయ్యా అంటే, నిన్నటి తమ దయ్యమే. దీనికి తిరుగుడు కూడా ఉంది. ఒకే సేవని రెండుసార్లు ఆపితే అంకె రెండుసార్లు తగ్గి, ఇంకా మనుషులుండగానే తలుపు పడుతుంది. కనుక సేవ పూర్తిగా నిలబడ్డాకే అంకె పెంచాలి. లేదా పడిపోతే పెంచినదాన్ని వెనక్కి తియ్యాలి. ఒక సేవ ఒక్కసారే తగ్గించగలగాలి. అంకెకి బదులు పేర్లే రాసుకుంటే ఇంకా మేలు. ఎంతమంది అని కాక, ఎవరెవరు అని రాస్తే, లేనివాడి పేరు కొట్టెయ్యడం కుదరదు. హాజరు పట్టీలో మేమందరం చేసేది అదేగా.

పుస్తకం చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. రెండు సేవలు ఒకే క్షణంలో మొదలయ్యాయనుకోండి. ఇద్దరూ ఒకేసారి పుస్తకం చూశారు, ఇద్దరికీ ఖాళీగానే కనిపించింది, ఇద్దరూ గుమ్మం కట్టబోయారు. అందుకని ఒకరు పుస్తకం చూసి రాసి మూసేవరకు ఇంకొకరు ముట్టకూడదు. సేవని ఆపేటప్పుడు కూడా అంతే. ఆఖరివాడు తలుపు వేస్తున్న క్షణంలోనే కొత్తవాడు వచ్చి, సర్వరు ఉంది కదా అని మూతపడుతున్నదానికి తన దారి తగిలించుకునే ప్రమాదముంది.

పేర్ల గొడవ కూడా చెప్పాలి. పద్దుపుస్తకం చిరునామా, పోర్టు కలిపి చూస్తుంది. ఒక కంప్యూటరుకి నాలుగు పేర్లుండవచ్చు. అన్ని దిక్కులా వినమనడానికి నాలుగు సున్నాల చిరునామా, తనలో తాను మాట్లాడుకోవడానికి 127.0.0.1. ఒక సేవ మొదటిదానితో, ఒక సేవ రెండోదానితో 8080 అడిగితే పుస్తకంలో అవి రెండు వేరు ఇళ్ళు. కానీ లినక్స్‌లో ఆపరేటింగ్ సిస్టం దగ్గరకి వెళ్ళేసరికి రెండోదానికి చోటు లేదంటుంది. మన ఊళ్ళలో ఒకే ఇంటికి డోరు నెంబరూ ఉంటుంది, ఫలానా శెట్టిగారిల్లు అన్న పేరూ ఉంటుంది. రెండు పేర్లకీ రెండు పద్దులు తెరిస్తే చిక్కే. అన్ని సేవలూ అడ్రసుని అక్షరం పొల్లుపోకుండా ఒకే తీరున రాయడం దీనికి సులువైన మందు.

రెండో చిక్కు బావి దగ్గరిది. గుమ్మం పంచుకున్నవాళ్ళు గుమ్మాన్ని మాత్రమే పంచుకోరు. ఆ సర్వరు దగ్గర పనిచేసే చేతుల్ని కూడా పంచుకుంటారు. వీటిని థ్రెడ్లు అంటారు. వచ్చిన ప్రతి కోరికకీ ఒక చెయ్యి కావాలి. జావాతో వచ్చే చిన్న సర్వరుకి చేతులెన్నో మనం చెప్పకపోతే, దాన్ని నడిపే ఆ ఒక్క చెయ్యే అన్ని కోరికలూ తీరుస్తుంది. బావి ఉంది, చేద ఒక్కటే. మా వాడు అదే వదిలేశాడు. గ్రంథాలయంలో ఎవరో మొత్తం పుస్తకాల జాబితా అచ్చు వెయ్యమన్నారు. అది నాలుగు నిమిషాల పని. ఆ నాలుగు నిమిషాలూ హాజరు పంపేవాళ్ళు, స్కాలర్‌షిప్పు స్థితి అడిగేవాళ్ళు అందరూ బిందెలు పట్టుకుని నిలబడ్డారు. గుమ్మం తెరిచే ఉంది, లోపలికి రానిచ్చారు, నీళ్ళే దొరకలేదు.

పెద్ద సర్వర్లలో చేతులు ఎక్కువ. జెట్టీలోనూ, టామ్‌క్యాట్‌లోనూ మనం ఏమీ చెప్పకపోతే గరిష్ఠంగా 200 దాకా ఉంటాయి. చిన్న వాడకానికి అది ధారాళం. కానీ ఒక్క సేవ బద్ధకంగా తయారై, అడిగినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడుగుతూ ఉంటే, ఆ 200 చేతులూ దాని దగ్గరే ఇరుక్కుపోతాయి. మిగతా సేవల్లో లోపమేమీ లేదు, అయినా అవి పలకవు. చూసేవాళ్ళకి సర్వరు చచ్చిపోయినట్టుంటుంది. నా ఉద్దేశంలో గుమ్మం మూతపడడం కంటే ఇదే పెద్ద అన్యాయం. మూతపడితే వెంటనే నిరాకరణ వస్తుంది, వేరే దారి చూసుకుంటారు. ఇక్కడ ఆశపెట్టి నిలబెడుతుంది. ఏ సేవ ఎన్ని చేతులకి మించి పట్టుకోకూడదో హద్దు పెట్టడం, ఎంతసేపటికి వదిలెయ్యాలో గడువు పెట్టడం, ఈ రెండూ కలిసి ఉన్నచోట తప్పవు.

గుమ్మం ఎలాంటిది అన్నది మొదట వచ్చినవాడే నిర్ణయిస్తాడన్నది కూడా ఇలాంటిదే. మొదటి సేవ మామూలు హెచ్.టి.టి.పి. అని తెరిస్తే, రెండో సేవ వచ్చి అదే పోర్టులో నాకు రహస్య సంకేతం కావాలంటే కుదరదు. సి.ఎక్స్.ఎఫ్. అయితే పద్ధతులు సరిపడలేదని చెప్పి అక్కడే ఆపేస్తుంది. అలా ఆపడమే మంచిది. కొన్ని ఏర్పాట్ల విషయంలో అలా చెప్పేవాళ్ళుండరు. చేతులెన్ని, గడువెంత, ఎంత పెద్ద కాగితం తీసుకోవచ్చు లాంటివి మొదటివాడు పెట్టినవే ఉండిపోయి, తరవాతివాడు రాసుకున్నవి గాలిలో కలిసిపోవచ్చు. ప్రోగ్రాములో సేవలు మొదలయ్యే వరస మారితే సర్వరు గుణమే మారుతుంది. కాబట్టి ఈ ఏర్పాట్లు ఏ సేవ దగ్గరా కాకుండా సర్వరు దగ్గరే ఒక చోట రాయడం క్షేమం.

కనెక్షన్ల సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను. 1997లో హెచ్.టి.టి.పి. 1.1 వచ్చినప్పటి నుంచి ఒక కనెక్షను ఒక్క ప్రశ్నతో తెగిపోనక్కరలేదు. అదే తీగ మీద ఒకదాని తరవాత ఒకటి ఎన్ని కోరికలైనా పంపవచ్చు. శాఖలోని గుమాస్తా కంప్యూటరు ఒకే కనెక్షను మీద మొదట హాజరు పంపి, తరవాత స్కాలర్‌షిప్పు పంపవచ్చు. కనెక్షను గుమ్మానిదే కాని వాటాది కాదు. అందువల్ల ఒక సేవని ఆపినంతమాత్రాన దాని పేరు చెప్పి వచ్చిన కనెక్షన్లు తెంచకూడదు. వాటి మీద పక్క వాటా పని నడుస్తూ ఉండవచ్చు. ఆపిన సేవని అడిగినవాళ్ళకి అలాంటిది ఇక్కడ లేదని, అందరికీ తెలిసిన ఆ 404 చెప్పి, కనెక్షను అలాగే ఉంచడం మర్యాద.

ఆఖరున సర్వరునే ఆపవలసి వచ్చినప్పుడు కూడా, జావా చిన్న సర్వరుకి ఎన్ని క్షణాలు ఆగాలో చెప్పవచ్చు. ఆ గడువులో కొత్తవాళ్ళని రానివ్వదు, లోపల మొదలైన పనులు మాత్రం పూర్తిచేసుకోనిస్తుంది. సున్నా అని రాస్తే సగం భోజనంలో విస్తరి లాగేసినట్టే. మా వాడు సున్నా రాశాడు. ఇంకా ఒకటుంది. సర్వరు ఆగినా, అటువైపు కంటే ఇటువైపే ముందు తెగిన కనెక్షన్ల గుర్తులని లినక్స్ ఒక నిమిషం పాటు దాచి ఉంచుతుంది. దారిలో ఆలస్యమైన పాత ముక్కలు వచ్చి కొత్త సంభాషణలో కలవకుండా ఈ ఏర్పాటు. ఆ నిమిషంలో మళ్ళీ పోర్టు అడిగితే ఒక్కోసారి దొరకదు. చిరునామా తిరిగి వాడుకుంటాను అన్న సూచన ముందే ఇస్తే దొరుకుతుంది. చాలా సర్వర్లు ఆ సూచన తామే ఇచ్చుకుంటాయి.

వేరు వేరు ప్రోగ్రాములైతే ఈ పద్దుపుస్తకం పనికిరాదు. ఎందుకంటే అది ఒక ప్రోగ్రాము లోపలి పుస్తకం, పక్క ప్రోగ్రాముకి కనపడదు. అప్పుడు ముందొక కాపలాదారుని పెట్టుకోవాలి. 2004లో వచ్చిన ఎన్‌జింక్స్ లాంటివి ఈ పని చేస్తాయి. వీధి గుమ్మం వాటిది. లోపల ఎవరి పోర్టు వారిది. 2013లో లినక్స్ 3.9లో ఒకే పోర్టుని కొన్ని ప్రోగ్రాములు కలిసి వినే వీలు కూడా కల్పించారు. కానీ అది వచ్చిన కనెక్షన్లని పేకముక్కల్లా పంచుతుంది, దారి పేరు చూడదు. స్కాలర్‌షిప్పు కోసం వచ్చినవాడు లైబ్రరీ చేతిలో పడవచ్చు. ఒకే పని చేసే కవలలకి అది బాగుంటుంది, మనలాంటి వాటాల ఇంటికి కాదు.

మా మూల కంప్యూటరులో ఇప్పుడు స్కాలర్‌షిప్పు సేవ విడి ప్రోగ్రాముగా, విడి పోర్టులో ఉంది. ముందు ఒక కాపలాదారుడున్నాడు. లైబ్రరీ, హాజరు ఒకే గుమ్మం పంచుకుంటున్నాయి, చేతులు ఇరవై. గుమ్మం దగ్గర పేర్ల పట్టీ ఉంది. ఏది ఎప్పుడు వచ్చిందో, ఏది ఎప్పుడు వెళ్ళిందో, తలుపు ఎవరు వేశారో ఫైలులో ఒక్కొక్క వరుసగా రాసి ఉంటుంది. ఆ రోజే అలాంటి ఫైలు ఉండి ఉంటే మూడు గంటల పది నిమిషాలకే సంగతి తెలిసేది.

ఆ తల్లికి నేను జవాబు చెప్పడానికి వారం పట్టింది. వాటాల ఇల్లు ఆమె ఎరిగినదే, కాబట్టి అదే చెప్పాను. మీ పాప కాగితం దారిలో పోలేదమ్మా, గుమ్మం దాకా వచ్చింది, లోపల తీసుకునేవాళ్ళూ ఉన్నారు, వీధి తలుపు ఇంకొకరు వేసేశారు అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే తట్టినా వినపడదా సారూ?" అంది. వినేవాడే లేడమ్మా అన్నాను. ఆ ఏడు దరఖాస్తులూ గడువు పొడిగించినప్పుడు కాగితం మీద రాసి, మనిషి చేత పంపించాం.